వాషింగ్ మెషిన్ మోటార్ బోర్డు: పార్టు మార్చాలా, బోర్డే మార్చాలా?

మెషిన్ తిరగడం మానేసిందంటే ఒంగోలైనా, కావలైనా ముందు వినబడే మాట "బోర్డు పోయింది, కొత్తది వేయాలి". కొత్త బోర్డంటే వేలల్లో ఖర్చు. కాలిన పార్టు ఖరీదు చాలాసార్లు అందులో పిసరంత. బోర్డు విప్పి, మీటరు పెట్టి చూడకుండా మార్చేద్దామంటే ఒప్పుకోవద్దు.

పార్టు మార్చితే సరిపోయే కేసులు మన దగ్గర ఎక్కువే. వీధిలో న్యూట్రల్ తెగినప్పుడు 230 వోల్టులు రావలసిన ఇంట్లోకి 400 దాకా వచ్చేస్తుంది. అప్పుడు బోర్డు మొదట్లో ఉండే వేరిస్టర్ (వోల్టేజీ పెరిగితే బోర్డును కాపాడే పార్టు) షార్టయి ఫ్యూజు పోతుంది, చాలాసార్లు మిగతాదంతా బతికే ఉంటుంది. వేరిస్టర్ మీద 14డి471 అని ఉంటే అదే నంబరు, అదే రేటింగు ఫ్యూజు వేయాలి. ఫ్యూజు స్థానంలో తీగ చుట్టి ఇస్తే మాత్రం తీసుకోవద్దు. మళ్ళీ అలాంటి వోల్టేజీ వస్తే ఈసారి బోర్డంతా కాలుతుంది.

కార్బన్ బ్రష్‌ల మోటార్ ఉన్న మెషిన్‌లో డ్రమ్ము ఒక్కసారిగా ఫుల్ స్పీడు అందుకుంటే ముందు ట్రయాక్‌ను (మోటార్‌కు వెళ్ళే కరెంటును అదుపు చేసే పార్టు) అనుమానించాలి. అది కూడా మార్చుకోదగ్గదే. కాకపోతే ఒక తేడా గుర్తుంచుకోవాలి: బీటీఏ16 రకం ట్రయాక్ వెనక రేకుకు కరెంటు రాదు, బీటీబీ16 రేకుకు వస్తుంది. చూడ్డానికి రెండూ ఒకటే కదా అని బీటీఏ బదులు బీటీబీ బిగిస్తే హీట్‌సింక్‌ను (వేడి లాగే లోహపు ముక్కను) ముట్టుకున్నవాళ్ళకు షాకే.

ఇన్వర్టర్ మెషిన్ల (బ్రష్‌లు లేని మోటార్ ఉన్నవాటి) విషయంలో నేను కొత్త బోర్డు వైపే మొగ్గుతాను. అక్కడ కరెంటు సుమారు 325 వోల్టుల డీసీగా మారి, పవర్ మాడ్యూల్ గుండా మూడు ఫేజులుగా మోటార్‌కు వెళ్తుంది. ఆ మాడ్యూల్ పేలితే చుట్టుపక్కల పార్టులు, ఒక్కోసారి ప్రాసెసర్ కూడా పోతాయి. పాత బోర్డుల నుంచి పీకిన మాడ్యూళ్ళను కొత్తవని అమ్మేవాళ్ళూ ఉన్నారు. పైగా చాలా బోర్డుల నిండా రబ్బరు లాంటి కోటింగ్ పోసి ఉంటుంది, దాన్ని గీకడంలోనే రాగి గీతలు లేచిపోతాయి. కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పు గాలికి రాగి గీతలు ఆకుపచ్చగా మారిన బోర్డులకూ ఇదే మాట. ఒకచోట అతికిస్తే ఇంకోచోట తెగుతుంది.

సెకండ్ హ్యాండ్ బోర్డు వద్దు. మెషిన్ పేరు ఒకటే అయినా లోపలి ప్రోగ్రాం వేరైతే పనిచేయదు.

ఏది చేయించినా ముందు మోటార్ చూడాలి. ఇన్వర్టర్ మోటార్ మూడు వైర్లలో ఏ రెండిటి మధ్య కొలిచినా ఓమ్స్ ఒకేలా ఉండాలి, బాడీకి కంటిన్యుటీ (కరెంటు దారి) రాకూడదు. బ్రష్‌ల మోటార్ అయితే బ్రష్‌ల అరుగుదల, వైండింగ్ చూడాలి. ఈ పని వదిలేసి వేసిన కొత్త ట్రయాక్, కొత్త బోర్డు కూడా అదే రోజు కాలిపోవచ్చు. ప్లగ్ తీశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, అది తెలియనివాళ్ళు బోర్డు జోలికి పోకూడదు. రిపేరు అయ్యాక మొదటిసారి సిరీస్ బల్బు (మెషిన్‌కు వెళ్ళే కరెంటు దారిలో మధ్యన కలిపే బల్బు) పెట్టి ఆన్ చేయమనండి. మోటార్ తిరగకముందే బల్బు నిండుగా వెలుగుతూ ఉండిపోతే షార్టు ఇంకా పోలేదు, డబ్బులు అప్పుడే ఇవ్వకండి.