బెంగళూరులో ఆడపిల్ల పోలీసు కంప్లైంట్: 112కి ఐదు స్టార్లు, స్టేషన్ కౌంటర్‌కి రెండున్నర

మారతహళ్లిలో లేడీస్ పీజీ నడుపుతున్నాను. మాది మదనపల్లె వైపు. నా దగ్గరుండే పిల్లల్లో సగానికి పైగా మనవాళ్లే. బిర్యానీ పాయింట్‌కీ, పార్లర్‌కీ రివ్యూలు రాస్తాం గదా, వీళ్లతో పాటు స్టేషన్లకు తిరిగినదాన్ని, పోలీసు సేవకి మాత్రం ఎందుకు రాయకూడదు?

ముందు ఎమర్జెన్సీ నంబరు 112 సంగతి. మా ఒంగోలు అమ్మాయికి ఒకడు కొన్ని వారాలుగా రకరకాల పేర్లతో ఇన్‌స్టాలో మెసేజ్‌లు పెడుతున్నాడు. ఒక రాత్రి ఆఫీసు క్యాబ్ దిగిన చోటి నుంచి స్కూటర్ మీద వెంటబడి, మా గేటు ఎదురుగానే బండి ఆపాడు. ఫోన్ ఎత్తినావిడ కన్నడలో మొదలుపెట్టి, పిల్ల తడబడుతుంటే ఇంగ్లిష్‌లోకి మారింది. ఎక్కడున్నారు, దగ్గర్లో గుర్తేమిటి, వాడింకా అక్కడే ఉన్నాడా, బండి నంబరు కనిపిస్తోందా, ఇవే ప్రశ్నలు. ఆ టైమ్‌లో బయట ఏం పని అని అడగలేదు, దానికే ఒక స్టార్ ఎక్కువ. మేం బాల్కనీలోంచి తొంగి చూస్తుండగానే హొయ్సల బండి, అంటే ఇక్కడి పోలీసు పెట్రోలింగ్ బండి, వచ్చింది. లైటు చూసి వాడు జారుకున్నాడు గానీ నంబరు మా దగ్గరుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. హొయ్సల వాళ్లు వచ్చి వెళ్లారంటే కంప్లైంట్ ఇచ్చేసినట్టు కాదు. ఎఫ్ఐఆర్ కావాలంటే స్టేషన్‌కి వెళ్లాల్సిందే. ఫోన్‌లోనో మెయిల్‌లోనో పంపినా తీసుకోవాలి, కాకపోతే 3 రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి.

ఇక కౌంటర్. స్టేషన్ పేరు రాయను. కంప్లైంట్లు రాసుకునే రైటర్ చాలా మెత్తగా మాట్లాడాడు, అసలు చిక్కు అదే. "ఎందుకమ్మా ఎఫ్ఐఆర్, వాణ్ని పిలిచి వార్నింగ్ ఇస్తాం, పెళ్లి కావాల్సిన పిల్ల కోర్టుల చుట్టూ తిరుగుతుందా?" అన్నాడు. "నాన్నగారు రాలేదా?" అని కూడా అడిగాడు. పిల్లకి ఇరవై నాలుగేళ్లు, నెలనెలా టాక్స్ కడుతోంది. కంప్లైంట్‌కి నాన్న సంతకం ఎక్కడా అక్కర్లేదు. కానీ "ఇంట్లో తెలియకూడదక్కా" అన్నదే వీళ్లందరి మొదటి మాట కాబట్టి, ఆ ఒక్క ప్రశ్నతో సగంమంది లేచి వచ్చేస్తారు.

మా పిల్ల కూడా లేవబోయింది. నేను కూర్చోబెట్టి, మహిళా ఆఫీసర్‌ని పిలవమన్నాను. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నడుస్తోంది. అందులో 173వ సెక్షన్ ప్రకారం వెంటబడటం, అసభ్యంగా తాకటం లాంటి వాటిలో బాధితురాలు చెప్పింది మహిళా అధికారే రాసుకోవాలి. పాత చట్టంలోనూ ఇది ఉండేది. ఆవిడ వచ్చాక వ్యవహారమే మారిపోయింది. లోపలి గదిలో కూర్చోబెట్టి, మెసేజ్‌లన్నీ తేదీల వారీగా చూసి, మధ్యలో టీ కూడా తెప్పించింది. ఇలాంటి మనిషిని మొదటి కుర్చీలోనే పెట్టొచ్చు గదా!

వెంటబడటం భారతీయ న్యాయ సంహితలో, అంటే పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టంలో, 78వ సెక్షన్, మొదటిసారైతే 3 ఏళ్ల దాకా జైలు. ఇలాంటి కేసుల్లో "ముందు విచారించి చూస్తాం" అనే వీలు పోలీసులకి ఉంది, అబద్ధం కాదు. అయితే దానికి డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి కావాలి, 14 రోజుల్లో తేల్చాలి. అందుకే ఎవరైనా ఆ మాటంటే, ఏ తేదీ నుంచి అని అడిగి, కంప్లైంట్ రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని కాగితం ఇస్త్రీ బట్టల లెక్క రాసుకున్న చీటీతో సమానం. ఎఫ్ఐఆర్ అయ్యాక దాని కాపీ ఉచితంగా ఇవ్వాలి.

కర్నూలు అమ్మాయిది వేరే కథ. విజయవాడ నుంచి స్లీపర్ బస్సులో వస్తుంటే పక్క బెర్త్ వాడు చెయ్యి వేశాడు. ఇక్కడ దిగాక ఒక స్టేషన్‌కి వెళితే "ఆంధ్రాలో జరిగింది, మా లిమిట్స్ కాదు" అన్నారు. అది చెల్లదు. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్ అయినా జీరో ఎఫ్ఐఆర్ రాసి, అసలు స్టేషన్‌కి పంపాలి. జీరో ఎఫ్ఐఆర్ అని గట్టిగా అనేసరికి ఇన్‌స్పెక్టర్ దాకా వెళ్లింది, రాశారు. అప్పటికీ రాయకపోతే పై అధికారికి, అంటే ఇక్కడ డీసీపీకి, పోస్టులో పంపొచ్చు. అక్కడా పని జరగకపోతే మేజిస్ట్రేట్.

మా వంటామె భర్త తాగి కొడతాడు. ఆమెకు కేసు వద్దు, వాడికి బుద్ధి రావాలంతే. అలాంటివాళ్లకి ఇన్‌ఫాంట్రీ రోడ్డులో కమిషనర్ ఆఫీసులోని వనితా సహాయవాణి మంచిది, నంబరు 1091. కూర్చోబెట్టి ఇద్దరితో మాట్లాడతారు. ఎఫ్ఐఆర్ మాత్రం అక్కడ ఆశించకండి.

ఫేక్ ప్రొఫైల్, మార్ఫింగ్ ఫొటోలైతే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంట్లోంచే పెట్టొచ్చు. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, ఆ ప్రొఫైల్ లింకు కూడా కాపీ చేసుకున్నాకే బ్లాక్ కొట్టండి.

ఒంగోలు అమ్మాయి కేసులో స్కూటర్ నంబరు పట్టుకుని వాణ్ని పిలిపించారు, మెసేజ్‌లు ఆగాయి. తర్వాత ఏమైందో మాత్రం ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితురాలికి తెలియజేయాలని చట్టంలోనే ఉంది, ఒక స్టార్ దీనికే కోసేశాను. ఎఫ్ఐఆర్ నంబరు, దర్యాప్తు చేసే ఎస్సై నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకుని మీరే చేయండి. పొద్దున్నే చేస్తే మాకెప్పుడూ ఎత్తలేదు, పదకొండు దాటాక ఎత్తారు.