పలాస అయ్యగారి ఉదయ ధ్యానాలు: రోజూ వినే ఒకామె అభిప్రాయం

మా పలాస-కాశీబుగ్గలో ఒక పాస్టర్ అయ్యగారు రోజూ తెల్లవారుజామున ఐదింటికి వాట్సాప్‌లో వాక్యధ్యానం పంపుతారు. ఏడెనిమిది నిమిషాల ఆడియో. రుసుము లేదు, కానుకలు పంపమని ఫోన్ నంబరు చదవరు. తన పేరు కూడా చెప్పరు. పాట అయ్యాక నేరుగా అధ్యాయం, వచనం చెప్పి మొదలుపెడతారు. జీడిపప్పు కార్ఖానాలో గుండు (విరగని పప్పు), బద్ద (విడిన పప్పు) వేరుచేసే పనికి వెళ్ళేముందు, పొయ్యి దగ్గర నేను వినేది ఇదే.

ఫోనుకు వచ్చే సందేశాల్లో చాలామంది ఒక్క వచనం చదివి, మిగతా సమయమంతా తమ సాక్ష్యమే, అంటే దేవుడు తమకేం చేశాడన్నదే, చెబుతారు. పైగా చెవులు గింగురుమనేలా అరుస్తారు. అంత పొద్దున్నే ఆ కేకలు నాకు పడవు. ఈయన వాక్యభాగం మొత్తం నిదానంగా చదువుతారు. 131వ కీర్తనలో ఉన్నవి మూడే వచనాలు. వాటిమీద వారమంతా చెప్పారు. 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను యాత్రకీర్తనల్లో ఇదొకటని చెప్పి, రెండో వచనం దగ్గర ఆగారు. చనుపాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణం ఉంది అంటాడు దావీదు. పాలు తాగే బిడ్డ ఒడిలోకి రాగానే పాలకోసం వెతుక్కుంటుంది, దొరక్కపోతే ఏడుస్తుంది. పాలు మానిన బిడ్డ ఊరికే కూర్చుంటుంది, దానికి తల్లి ఉంటే చాలు. “ఈ పూట దేవుణ్ణి ఏమీ అడగకండి, ఆయన దగ్గర కూర్చోండి” అని అయ్యగారు మాట్లాడటం ఆపేశారు. ఆడియో నడుస్తూనే ఉంది. దూరంగా రైలు కూత, దగ్గర్లో ఎవరిదో కోడి కూత. కాసేపటికి “ఆమేన్” అన్నారు. ఇద్దరు బిడ్డలకు పాలు మాన్పించినదాన్ని, ఆ వచనం నాకు ఒళ్ళో బరువుగా తెలిసింది.

లూకా సువార్త 18వ అధ్యాయంలో పరిసయ్యుడి (ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుడి) ప్రార్థన గురించి చెప్పినరోజు కూడా మరచిపోలేను. ఆ ప్రార్థన దేవునికి కృతజ్ఞతతోనే మొదలవుతుంది, తర్వాత అంతా తన ఉపవాసాలూ తన పదియవవంతూ. “మీ నిన్నటి ప్రార్థన గుర్తు తెచ్చుకోండి, అందులో దేవుని గురించి ఎన్ని మాటలున్నాయి?” అని అడిగి వదిలేశారు. అదే కథలో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, రొమ్ము కొట్టుకుని కరుణించమన్న ఆ ఒక్క మాటతోనే ఆ రోజు ముగించారు. దీనత్వం గురించి చెప్పేవారు తాము దీనులమని కూడా చాటుకుంటుంటారు. ఈయన దగ్గర ఆ వాసన లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా దగ్గరే తీరం దాటింది. మా చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు కూలిపోయాయి. కిందటి ఏడాది అదే తేదీన అయ్యగారు అది దేవుని శిక్ష అనలేదు, పరీక్ష అనీ అనలేదు. విలాపవాక్యములు 3వ అధ్యాయంలో కొంత చదివి, తోటలు పోయినవారి కోసం ప్రార్థించారు. నాకు ఆ రోజు ఇంకేదీ వినాలనిపించలేదు.

లోపాలూ చెప్పాలి. మొదట్లో వచ్చే పాట చాలా పొడవు, ధ్యానం మొదలయ్యేసరికి ఎసరు మరిగిపోతుంది. గాలి వీచే రోజుల్లో మాటలు సరిగా వినపడవు, మా అత్తగారు సగం నన్ను అడిగి తెలుసుకుంటారు. ఉదాహరణల్లో రైతులు, జాలరులు వస్తారు గానీ కార్ఖానాల్లో పనిచేసే ఆడవాళ్ళు దాదాపు రారు. ఈ ఊళ్ళో ఎన్ని వందల మందిమి ఆ పనిలో ఉన్నామో ఆయనకు తెలుసు కదా.

అన్నిటికన్నా ఇబ్బంది, పాతవి దొరక్కపోవడం. ఫోను నిండితే ఆడియోలు తీసేయక తప్పదు, తీసేశాక ఏ రోజు ఏ వాక్యం చెప్పారో తెలియదు. నెలకోసారి వచనాల పట్టిక పంపితే చాలు, నోటుపుస్తకంలో రాసుకుంటాను. వినాలనుకునేవారు సంఘంలో ఎవరినడిగినా గుంపులో చేరుస్తారు. తెలుగు చదవడం రాని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే తప్పకుండా చేరండి.