రెండోసారి దొరికిన దొంగకు ఏది మేలు: కనీస శిక్షా, పీడీ యాక్టా, బైండోవరా?

మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో బండి పోయిందని ఠాణాకు పోతారు. దొరికినవాడి మీద అంతకుముందే పది కేసులున్నాయని అక్కడ తెలుస్తుంది. "ఇట్లాంటోణ్ణి బయటికెట్ల ఇడిసిండ్రు సారూ?" అని ఎవరైనా అడుగుతారు. ఆ కోపంలో న్యాయముంది. కాని పది కేసులు వేరు, పది శిక్షలు వేరు. ఠాణాలో సస్పెక్ట్ షీటు, అంటే అనుమానితుడి మీద నిఘా రికార్డు, తెరవడానికి కేసులు చాలు. కోర్టులో రెండోసారి నేరస్థుడు కావాలంటే మొదటి శిక్ష కాగితం మీద కనబడాలి. పది కేసుల్లో ఒక్కటీ తేలకపోతే చట్టం లెక్కలో అతను ఇంకా మొదటిసారివాడే. కోర్టులో కనీస శిక్ష, పీడీ యాక్టు కింద ముందస్తు నిర్బంధం, మంచి నడవడికకు పూచీకత్తు రాయించే బైండోవర్: ఈ మూడు దారుల్లో ఏది మేలనేది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

దొంగతనానికి కనీస శిక్ష మనకు కొత్తగా వచ్చిందే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303(2) ప్రకారం దొంగతనానికి మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అదే సెక్షన్ కింద రెండోసారి దోషిగా తేలితే కఠిన కారాగార శిక్ష ఏడాదికి తగ్గకూడదు, అయిదేళ్ళ దాకా పోవచ్చు, జరిమానా అదనం. పాత ఐపీసీ 379లో ఈ కట్టడి లేదు. పోయిన సొత్తు విలువ అయిదు వేల లోపై, మొదటిసారి దోషిగా తేలినవాడు సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెడతారు. అయితే సమాజ సేవ చేసి బయటపడ్డా అది శిక్ష కిందే లెక్క, రెండోసారి దోషిగా తేలితే ఏడాది తప్పదు.

విచిత్రమేమంటే ఏడాదికి తగ్గకూడదన్న ఈ నిబంధన మామూలు దొంగతనానికే పెట్టారు. మెడలో గొలుసు తెంపుకుపోతే 304, ఇంట్లో పడి దోచుకుంటే 305. ఆ రెండింట్లో రెండోసారికి కనీస శిక్ష రాయలేదు. రెండుసార్లు సైకిలు ఎత్తుకుపోయినవాడి విషయంలో జడ్జికి చేతులు కట్టేశారు, రెండుసార్లు పుస్తెలతాడు తెంపినవాడి విషయంలో వదిలేశారు. పాత శిక్షను బట్టి పెంచే 13వ సెక్షన్ ఉన్న మాట నిజమే గాని, అది పై హద్దును పదేళ్ళకో యావజ్జీవానికో జరుపుతుంది తప్ప కింది హద్దు గీయదు.

ఇక జైలు సంగతి. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల్లో దేశంలోని జైళ్ళన్నిట్లో చోటు 4,36,266 మందికి, ఉన్నది 5,73,220 మంది. వంద మంది చోట 131 మంది. వాళ్ళలో 4,34,302 మంది ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలు. అంటే వాళ్ళొక్కరితోనే జైళ్ళు దాదాపు నిండిపోయాయి. మాదిరి జైలు మాన్యువల్ ప్రకారం బ్యారక్‌లో మనిషికి 3.71 చదరపు మీటర్లు, సుమారు 40 చదరపు అడుగులు ఉండాలి. 131 మందిని కుక్కితే అది 30 అడుగులకు దిగుతుంది, చాప పరిచాక అటూ ఇటూ పొర్లడానికి లేని జాగా. తెలంగాణ జైళ్ళు మొత్తంగా ఆ ఏడాది సామర్థ్యం లోపలే ఉన్నాయి. కాబట్టి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా జైళ్ళ గురించి మాట్లాడేటప్పుడు చోటు కన్నా వాయిదాల లెక్క ముందు చూడాలి.

కనీస శిక్ష జైలును నింపేది తీర్పు తరువాత కాదు, తీర్పుకు ముందు. పూచీకత్తు ఇచ్చే దిక్కులేని దొంగ నాలుగైదు నెలలు రిమాండులో ఉండి, నేరం ఒప్పుకుని, "ఉన్న కాలమే శిక్ష" అనిపించుకుని బయటపడటం మేజిస్ట్రేటు కోర్టుల్లో పాత పద్ధతి. ఒప్పుకుంటే ఏడాది ఖాయమని తెలిశాక ఎవడు ఒప్పుకుంటాడు? సాక్షులు రావాలి, పంచనామా మీద సంతకం పెట్టిన పంచులు రావాలి, వాయిదా మీద వాయిదా. అదే నేరానికి అంతకుముందు శిక్ష పడ్డవాడికి ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు బేరమాడుకునే, తలుపూ మూసేశారు. చివరికి రిమాండులోనే ఏడాది దాటితే ఆ కాలం శిక్షలోంచి తీసేస్తారు కనుక తీర్పు రోజే విడుదల. చట్టం కోరిన కఠినత్వం అంతా విచారణ ఖైదీ లెక్కలో కరిగిపోయింది, బ్యారక్‌లో మాత్రం ఒక చాప ఏడాది పాటు ఖాళీ కాలేదు.

విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ దీనికి విరుగుడనుకుంటారు. గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లోనే గడిపినవాణ్ణి, ఎప్పుడూ శిక్ష పడనివాడైతే మూడో వంతు గడిపినవాణ్ణి వదలాలన్నది ఆ సెక్షన్. కాని దాని రెండో ఉపసెక్షన్‌లో మెలిక ఉంది: ఒకటికి మించి కేసులు నడుస్తుంటే ఈ మేలు వర్తించదు. హైవే పట్టుకుని తిరిగే దొంగకు చిట్యాలలో ఒకటి, నకిరేకల్‌లో ఒకటి, సూర్యాపేటలో ఇంకోటి ఉంటాయి. ఒకదాంట్లో బెయిలొస్తే ఖైదీని తమ ముందుకు తెమ్మనే ఇంకో కోర్టు పీటీ వారెంటు జైలు గేటు దగ్గర సిద్ధంగా ఉంటుంది.

అమెరికాలో కాలిఫోర్నియా 1994లో మూడో నేరానికి 25 ఏళ్ళ నుంచి యావజ్జీవం అని చట్టం చేసింది. జైళ్ళు కిక్కిరిసి, ఖైదీల సంఖ్యను సామర్థ్యంలో 137.5 శాతానికి దించాలన్న ఆదేశాన్ని 2011లో వాళ్ళ సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మూడో నేరం తీవ్రమైనదో హింసాత్మకమైనదో అయితేనే ఆ శిక్ష అని 2012లో ఓటర్లే మార్చారు.

పీడీ యాక్టు, అంటే 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టం, చూడటానికి అన్నిటికన్నా వేగం. ఎస్పీ ప్రతిపాదన, కలెక్టర్ ఉత్తర్వు, మనిషి చర్లపల్లి జైలుకు. 12 రోజుల్లో ప్రభుత్వ ఆమోదం, మూడు వారాల్లో సలహా మండలికి, నిర్బంధం మొదలైన ఏడు వారాల్లోపు మండలి నివేదిక, గరిష్ఠంగా 12 నెలలు. ఒక్క గడువు తప్పినా, కారణాల కాగితాలు అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వకపోయినా హైకోర్టులో ఉత్తర్వు కొట్టుకుపోతుంది. మామూలు శాంతిభద్రతల కేసులకు దీన్ని వాడొద్దని, బెయిలు నచ్చకపోతే బెయిలు రద్దు కోరాలని సుప్రీంకోర్టు 2021లో బంకా స్నేహశీల కేసులో చెప్పింది, 2023లో అమీనా బేగం కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. అన్నిటికన్నా పెద్ద లోటు ఇంకోటి ఉంది. ఏడాదంతా జైల్లో ఉన్నా అది శిక్ష కాదు, మనిషి రికార్డులో "మొదటిసారి" అలాగే ఉంటుంది. 2018 సవరణతో నకిలీ విత్తనాలవాళ్ళనూ ఇందులో చేర్చారు. గద్వాల పత్తి విత్తనాల దందాలాంటి వాటికి, సీజను దాటేదాకా ముఠాను విడదీయడానికి, ఇది పనికొస్తుంది. బండ్ల దొంగకు దండగ.

బైండోవర్ గుడుంబా కాచేవాళ్ళకు బాగా తెలిసిన మాట. నల్లబెల్లం, పటికతో దొరికితే ఎక్సైజ్ ఎస్సై తహసీల్దారు ముందు నిలబెడతాడు. తరచూ నేరం చేసేవాడైతే నాగరిక్ సురక్షా సంహిత 129 కింద మూడేళ్ళ దాకా మంచి నడవడికకు పూచీకత్తు అడగొచ్చు. ముందు రాతపూర్వక ఉత్తర్వు, తరువాత విచారణ, ఆ తరువాతే బాండు. చాలా చోట్ల మూడూ ఒకే మధ్యాహ్నం అయిపోతాయి, ఎలక్షన్లప్పుడు మరీను. లక్ష రూపాయల బాండు మీద వేలిముద్ర, జామీనుకు ఇదే కేసులోని ఇంకో ఇద్దరు. ఉల్లంఘించాడని తరువాత లోపలేయబోతే విచారణే జరగలేదని పైకోర్టులో నిలవదు. కొత్త కేసు పెట్టిన ఎస్సై తహసీల్దారుకు కబురు పెట్టకపోవడం, ఈలోపు బాండు గడువు దాటిపోవడం ఇంకా మామూలు. సరిగ్గా నడిపితే మాత్రం జైలు జాగా తినకుండా మనిషిని అదుపులో పెట్టేది ఇదొక్కటే. చిల్లర దొంగకూ గుడుంబా కేసుకూ మొదట దీన్నే వాడాలి.

బండ్లు, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల రాగి తీగ వరసగా ఎత్తుకుపోయేవాడికి మాత్రం కోర్టు శిక్షే సరైనది, అదీ త్వరగా. దానికి కావలసింది కొత్త కఠిన సెక్షన్ కాదు. పాత శిక్ష తేదీ, కోర్టు, కేసు నంబరు ఛార్జిషీటులో ఉండాలి, అభియోగంలో విడిగా చేర్చాలి. తీర్పు సర్టిఫైడ్ కాపీ గాని జైలు అధికారి ధ్రువపత్రం గాని జతచేయాలి. ఆ పేరుగలవాడు ఇతనేనని వేలిముద్రలతో చూపాలి. ఇందులో ఒకటి తప్పితే రెండోసారివాడు మళ్ళీ మొదటిసారివాడే. పాత 379 శిక్ష "ఈ సెక్షన్ కింద" పడ్డట్టా కాదా అన్న వాదనకూ ప్రభుత్వ వకీలు (పీపీ) సిద్ధపడి ఉండాలి.

మొదటి కేసు ఎక్కడ జారిపోతుందో చూడండి. బండి తాత్కాలికంగా యజమానికి అప్పగిస్తారు. బండి ఇంటికొచ్చాక సాక్ష్యానికి రమ్మంటే ఆయన రాడు, లేదా లోక్ అదాలత్‌లో రాజీ పడతాడు. 303(2)లో రాజీకి యజమాని ఒప్పుకుంటే చాలు, ఆ రాజీ నిర్దోషిగా విడుదలతో సమానం. పాత శిక్ష వల్ల పెరిగే శిక్ష ఉన్నవాడి కేసులోనైతే చట్టం రాజీని ఒప్పుకోదు. కాబట్టి రాజీ కాగితం మీద సంతకం పెట్టేముందు, ఛార్జిషీటులో పాత శిక్షల గడి నింపారా లేదా అని కోర్టు కానిస్టేబుల్‌ను అడిగి చూసుకోండి.