ఫార్మకాలజీకి చివరి మూడు రోజులు: మళ్ళీ చదవడం మేలా, పుస్తకం మూసి రాయడం మేలా?

మందుల శాస్త్రమైన ఫార్మకాలజీ పరీక్షకు మూడు రోజులే మిగిలాయంటే, తిరుపతిలో మా వైద్య విద్యార్థుల హాస్టల్లో మూడు రకాల చదువు కనిపించేది. కొందరు రంగురంగుల గీతలు పడిన లావుపాటి పుస్తకాన్ని మొదటి పుట నుంచి మళ్ళీ తిరగేసేవారు. కొందరు పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, పుస్తకం మూసి జవాబులు రాసేవారు. మిగిలినవాళ్ళు మేడ మీద గుంపుగా చేరి ఒకరినొకరు ప్రశ్నించుకునేవారు. నేను మూడూ చేసి చూశాను. ఒకసారైనా చదివిన అధ్యాయాలకు చూడకుండా రాయడమే మేలని నా నమ్మకం. మిగతా రెండింటికీ చోటు ఉంది కానీ, అది చిన్న చోటు.

మళ్ళీ చదవడంలో ఉన్న చిక్కు ఏమిటంటే, కంటికి అలవాటైన పుట వచ్చేసినట్టే అనిపిస్తుంది. మొదటి ఇంటర్నల్ పరీక్షకు ముందు రాత్రి రక్తపోటు మందుల అధ్యాయాన్ని మూడుసార్లు చదివాను. ఏ వాక్యం ఏ పుటలో ఏ మూల ఉందో చెప్పగలిగేవాణ్ణి. మర్నాడు ఆ మందులను వర్గీకరించి, ఎనలాప్రిల్ గురించి వివరంగా రాయమన్నారు. వర్గీకరణ సగంలో ఆగిపోయింది. ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు వస్తుందని రాశాను. ఎందుకు వస్తుందో రాయలేకపోయాను. ఈ మందు ఏసీఈ అనే ఎంజైమును ఆపేయడంతో, ఆ ఎంజైము విరగ్గొట్టాల్సిన బ్రాడీకైనిన్ అనే పదార్థం ఒంట్లో పేరుకుంటుంది, దగ్గుకు మూలం అదే. ఆ వాక్యం కింద ఎర్రగీత ఉందన్న సంగతి గుర్తొచ్చింది, వాక్యం మాత్రం రాలేదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు కొన్ని పాఠాలు ఇచ్చి, కొన్నింటిని మళ్ళీ చదివించారు, కొన్నింటిని చూడకుండా రాయించారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవే బాగా గుర్తున్నాయి. 2 రోజుల తర్వాత, వారం తర్వాత చూస్తే మాత్రం చూడకుండా రాసినవే నిలిచాయి. అంటే మళ్ళీ చదవడం పనికిరానిదేమీ కాదు, దాని వేళ పరీక్ష గది మెట్ల మీద.

రాయడం అంటే పేజీలకు పేజీలు నింపడం కాదు. తెల్లకాగితం మీద ఐదు నిలువు గళ్ళు గీసుకునేవాణ్ణి: మందు, పనిచేసే తీరు, ఎందుకు వాడతాం, దుష్ఫలితాలు, ఎవరికి ఇవ్వకూడదు. క్షయ మందులనే తీసుకోండి. ఐసోనియజిడ్ ఎదురుగా నరాల తిమ్మిరి, దానికి విరుగుడుగా పిరిడాక్సిన్. రిఫాంపిసిన్ ఎదురుగా నారింజరంగు మూత్రం, కాలేయంలో ఎంజైములను పెంచి గర్భనిరోధక మాత్రల బలం తగ్గించడం. పైరజినమైడ్‌కు యూరిక్ ఆమ్లం పెరగడం. ఇథాంబ్యుటాల్‌కు కంటి నరం దెబ్బతిని ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియకపోవడం. ఇదంతా జ్ఞాపకం నుంచే రావాలి. ఖాళీగా మిగిలిన గడి కోసం మాత్రమే పుస్తకం తెరవాలి, చూసి మళ్ళీ మూయాలి. తెలిసిన వాటి మీద ఒక్క నిమిషం కూడా ఖర్చు కాదు. మూడు రోజులే ఉన్నవారికి ఇంతకంటే ఏం కావాలి?

మందులను పేర్ల చివరి అక్షరాలతో గుర్తుపెట్టుకునే పద్ధతి కూడా ఇక్కడే తేలిపోతుంది. పేరు చివర ఒలాల్ అంటే గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్, సార్టాన్ అంటే రక్తపోటు పెంచే యాంజియోటెన్సిన్ అనే హార్మోను పనిని అడ్డుకునేది. చాలావరకు సరిపోతుంది. కానీ ఒమెప్రజోల్ కడుపులో ఆమ్లం తగ్గించే మందు అయితే, అరిపిప్రజోల్ మానసిక రుగ్మతలకు వాడేది. చదువుతున్నప్పుడు ఈ తేడా తట్టదు, రాస్తే తప్పు కళ్ళెదుట నిలుస్తుంది.

గుంపు చదువును నేను తీసిపారేయను. పురుగుమందు తాగి ఆసుపత్రికి వచ్చేవారు చిత్తూరు పల్లెల వైపు కొత్త కాదు. వార్డులో చూసివచ్చిన మిత్రుడు ఆ వైద్యం వివరించిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందుకు విరుగుడైన అట్రోపిన్‌ను ఊపిరితిత్తుల్లో స్రావాలు ఆరేదాకా ఇవ్వాలి, కంటిపాప పరిమాణం చూసి ఆపకూడదు. కండరాల నీరసం మాత్రం అట్రోపిన్‌తో తగ్గదు. దానికి ప్రాలిడాక్సిమ్ అనే మరో మందు కావాలి, అదీ ఆలస్యం కాకముందే. పుస్తకంలో వేర్వేరు వాక్యాలుగా ఉన్నవి అతని నోట ఒకే కథ అయ్యాయి. నోటితో జవాబులు చెప్పే వైవా పరీక్షకు ఇంతకన్నా మంచి సాధన లేదు. అయితే గంట దాటిందా, మాటలు ఈసారి ఏ ప్రశ్న వస్తుందన్న ఊహల మీదికి వెళ్ళిపోతాయి. ముగ్గురు, ఒక గంట, భోజనానికి ముందు: అంతే చాలు.

అసలు తెరవని అధ్యాయాల సంగతి వేరు. లేనిదాన్ని గుర్తుతెచ్చుకోలేం కదా, అక్కడ చదవాల్సిందే. నాకు అలాంటివి నాలుగు మిగిలాయి. పాత ప్రశ్నపత్రాల్లో తరచుగా కనిపించిన రెండింటిని మొదటి రోజు ఉదయమే చదివి, సాయంత్రం గళ్ళు నింపాను. మిగతా రెండింటినీ వదిలేశాను. సీనియర్ల నోట్సుతో నాలుగూ ముగిద్దామనే ఆశ నాకూ కలిగింది. కానీ ఆ నోట్సు వాళ్ళకు తెలిసినదాని కుదింపు. ఏమీ చదవనివారికి అందులో సగం సంకేతాలే.

సుప్రభాతం వేళ దాకా మేల్కొనడం గురించి ఒక్క మాట: వద్దు. పగలు నింపిన గళ్ళు మెదడులో కుదురుకునేది నిద్రలోనే.

మూడు రోజులూ మళ్ళీ మళ్ళీ ఖాళీగా మిగిలిన గళ్ళను పరీక్ష ఉదయం అరకాగితం మీదికి ఎక్కించాను. హెపారిన్‌కు ప్రోటమిన్, వార్ఫరిన్‌కు విటమిన్ కె, పారాసెటమాల్ మోతాదు మించితే ఎన్-అసిటైల్‌సిస్టీన్, మెథోట్రెక్సేట్‌కు ఫోలినిక్ ఆమ్లం, ఇలాంటి విరుగుళ్ళే ఓ పది. మెట్ల మీద నిలబడి వాటిని రెండుసార్లు చదివి, గంట మోగగానే కాగితాన్ని సంచిలో పెట్టి లోపలికి వెళ్ళాను.