డెల్టా ఊళ్ల మీద డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టులు: ఏళ్ల తరబడి వాడాక

యూనివర్సిటీ ఆర్కైవ్‌లోని ఈ సేకరణలో ఏ రిపోర్టు తీసినా వెనక నుంచి చదవడం మొదలుపెట్టాలి. మొదటి అధ్యాయం దాదాపు అన్నిట్లో ఒకటే: పంచాయతీల చరిత్రే, అంటే 1957 నాటి బల్వంతరాయ్ మెహతా కమిటీ, 73వ రాజ్యాంగ సవరణ, 1994 రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం. సీనియర్ల రిపోర్టుల నుంచి ఎత్తి రాసినవే ఎక్కువ, ఒకరి తప్పు పదిమందికి పాకింది. చివరి సూచనలూ అంతే. సరుకంతా అనుబంధాల్లో ఉంది: నింపిన ప్రశ్నావళులు, గ్రామసభ తీర్మానాల జిరాక్సులు, చేత్తో గీసిన కాలువల పటాలు.

కాలువ నీటి పంపకం చూసుకునే రైతుల సంఘాలు, అంటే నీటి సంఘాల మీది రిపోర్టులు ఈ సేకరణకు తలమానికం. 1997 చట్టంతో ఆయకట్టు రైతులు సంఘాలను ఎన్నుకున్నారు. ఓటు మాత్రం రికార్డుల్లో పేరున్నవాళ్లకే. డెల్టాలో కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది. దాళ్వాలో (రబీ పంటలో) వంతు నీళ్ల కోసం రాత్రిళ్లు గట్టు మీద కాచుకునే కౌలుదారుకి ఓటు లేకుండా పోయింది. సంఘం లెక్కల్లో ఆ మనిషి కనపడడు, ఈ రిపోర్టుల్లో కనపడతాడు. ఒక ప్రశ్నావళిలో ‘పొలం ఎవరిది’ దగ్గర ఒక పేరు, ‘నీరు ఎవరు పెడతారు’ దగ్గర మరో పేరు, పక్కన పెన్సిలుతో ‘కౌలు, కాగితం లేదు’. వీటిని 2011లో కోనసీమ రైతులు పంట వేయకుండా మానేసిన క్రాప్ హాలిడే తర్వాతి రిపోర్టులతో కలిపి చదివితే, డ్రెయిన్లలో (మురుగు కాలువల్లో) పూడిక తీయక సార్వా (ఖరీఫ్ పంట) మునిగిన శివారు ఊళ్లు పేర్లతో సహా తెలుస్తాయి.

వెతకడమే కష్టం. కేటలాగులో శీర్షికలే ఉన్నాయి, ఊరి పేరు కొడితే రాదు. జిల్లాలు విడిపోయిన 2022 ఏప్రిల్‌కు ముందువైతే అమలాపురం తూర్పు గోదావరిలో, ఏలూరు పశ్చిమ గోదావరిలో దొరుకుతాయి. సాఫ్ట్ కాపీల్లో పాత తెలుగువి యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో ఉన్నాయి. కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు చూసుకోవాలి, పట్టికల్ని అసలు ప్రతితో పోల్చుకోవాలి. కాగితం ప్రతుల్లో పిన్నులు తేమకు తుప్పుపట్టాయి. ఫొటో కోసం వాటిని పీకొద్దు, చాలా రిపోర్టులకు పేజీ అంకెలు లేవు.

శాంపిల్ యాభై ఇళ్లు అని ఉంటే అవి ఏ పేటవో చూడండి. రామాలయం వీధిలోనే అడిగి ఊరంతటి మాటగా రాసినవి ఉన్నాయి, దళితపేట జవాబు అందులో ఉండదు. శాతాలు కలిపితే నూరు రాకపోతే ప్రశ్నావళులే మళ్లీ లెక్కపెట్టుకోవడం మంచిది.

డిగ్రీ విద్యార్థులు ఊళ్లలో చేసే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చాక రిపోర్టులు పెరిగాయి, లోతు తగ్గింది. అయినా 2019లో మొదలైన గ్రామ సచివాలయాలకూ సర్పంచులకూ మధ్య పని పంపకం ఎలా నడిచిందో తెలిపేవి వాటిలోనే ఉన్నాయి, వదలొద్దు.

ప్రశ్నావళుల్లో రైతుల పేర్లు, సర్వే నంబర్లు ఉంటాయి. వాడుకునేటప్పుడు రెండూ తీసేయాలి. కౌలుదారు తన కౌలు సంగతి బయటపెట్టాడని తెలిస్తే మరుసటేడు ఆ పొలం అతనికి ఇవ్వరు.