పీప్స్ ఈస్టర్ కోడిపిల్లలు: ప్యాకెట్ విప్పగానే తినేయకండి

ఈస్టర్ వస్తోందంటే అమెరికా సూపర్ మార్కెట్లలో వరుసగా అతుక్కుని కూర్చున్న పసుపు కోడిపిల్లలు కనిపిస్తాయి. పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్‌లో ఉన్న జస్ట్ బోర్న్ కంపెనీ చేసే పీప్స్ ఇవి, అంటే కోడిపిల్ల ఆకారంలో ఉండి పైన చక్కెర పూసిన మార్ష్‌మెలోలు (చక్కెర, జెలటిన్‌తో చేసే మెత్తని మిఠాయి). 1953లో ఆ కంపెనీ రోడ్డా క్యాండీ అనే మిఠాయి సంస్థను కొన్నప్పుడు వీటిని గొట్టంలోంచి చేత్తో పిండి, ఆరబెట్టేవాళ్లు. ఒక్క కోడిపిల్లకు 27 గంటలు పట్టేది. జస్ట్ బోర్న్ స్థాపకుడి కొడుకు బాబ్ బోర్న్ పెట్టించిన యంత్రాలతో అది ఆరు నిమిషాలకు తగ్గింది. హాలోవీన్‌కు దెయ్యాలు, క్రిస్మస్‌కు మంచు బొమ్మలు కూడా వస్తాయి గానీ, కొంటే పసుపు కోడిపిల్లలనే కొనండి.

తాజాగా తింటే ఇవి ఉత్త తీపి. అసలు రుచి ఆరబెట్టాక వస్తుంది. పైకవరును కత్తితో చీరి, నాలుగు రోజుల నుంచి వారం దాకా వంటింటి అలమరలో వదిలేయండి. తేమ పోయి పైన కరకర, లోపల సాగుడు వస్తాయి. గాలి పొడిగా ఉంటేనే ఇది కుదురుతుంది. ఉక్కపోత ఉన్నచోట చక్కెర తేమను పీల్చుకుని చేతికి జిగురు అంటుతుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తీయగానే చెమ్మ పట్టి చక్కెర కరుగుతుంది.

చిన్నపిల్లలకు ఇష్టమైనది మైక్రోవేవ్ యుద్ధం. ప్లేటులో రెండు పీప్స్‌ను ఎదురెదురుగా నిలబెట్టి, ఒక్కోదాని రొమ్ములో చెక్క టూత్‌పిక్ గుచ్చండి. మొన ఎదుటిదాని వైపు, కాస్త పైకి ఉండాలి. ఒళ్లు ఉబ్బేకొద్దీ పుల్ల కిందికి వాలుతుంది. ఫుల్ పవర్‌లో 20 నుంచి 30 సెకన్లు చాలు. వేడికి జెలటిన్ మెత్తబడి, లోపలి గాలి బుడగలు, ఆవిరి వ్యాకోచిస్తాయి. ఎవరి పుల్ల ముందు గుచ్చుకుంటే వాళ్లదే గెలుపు. రెట్టింపు కాగానే ఆపేయండి. ఇంకా ఉంచితే లోపలి చక్కెర మాడుతుంది. వెంటనే ముట్టుకోనివ్వకండి, కాగిన పాకం చర్మానికి అంటుకుని బాగా కాలుస్తుంది. చల్లారాక అది కుంగి గట్టిపడుతుంది. ప్లేటును వేడినీళ్లలో నానబెడితే సులువుగా వదులుతుంది.

నిప్పు మీద కాల్చడానికి మామూలు మార్ష్‌మెలో కంటే ఇదే మేలు. పైనున్న చక్కెర కరిగి పలచని పాకం పొరలా గట్టిపడుతుంది. మంటలో కాక నిప్పుల సెగకు తిప్పుతూ కాల్చాలి, ఎందుకంటే ఆ చక్కెరే ముందు మాడిపోతుంది. తర్వాత గ్రాహమ్ బిస్కెట్ల (ముడి గోధుమపిండితో చేసే తీపి బిస్కెట్లు) మధ్య చాక్లెట్ ముక్కతో పెట్టుకోండి.

రైస్ క్రిస్పీ అచ్చులకు (కరిగించిన మార్ష్‌మెలోలో మరమరాల సీరియల్ కలిపి చేసే తీపి ముక్కలు) మామూలు కొలతే: 283 గ్రాముల మార్ష్‌మెలో, మూడు టేబుల్ స్పూన్ల వెన్న, ఆరు కప్పుల మరమరాల సీరియల్. పీప్స్ అయితే దాదాపు 33 పడతాయి. సన్నసెగ మీదే కరిగించండి. రంగులు కలిపితే మట్టిరంగు వస్తుంది, ఒకే రంగు వాడండి.

మన ఇళ్లలో తప్పక చూడాల్సిన విషయం ఒకటుంది: ఇందులో జెలటిన్ పంది నుంచి తీసింది. శాకాహారులు, ముస్లింలు తినలేరు. పిల్లల ఈస్టర్ బుట్టలో ఇవి వస్తాయి కాబట్టి ముందే చెప్పి ఉంచడం మంచిది. శాకాహారులకు జెలటిన్ లేని డాండీస్ మార్ష్‌మెలోలు దొరుకుతాయి, కోడిపిల్ల ఆకారం మాత్రం ఉండదు.

ఆటలకోసమే అయితే పండగ మర్నాడు వెళ్లండి, చాలా దుకాణాల్లో ధర బాగా తగ్గిస్తారు. కవరు చిరగని ప్యాకెట్లు ఏరుకోండి.