ఫ్రీ పాస్కల్ నుంచి షేర్డ్ లైబ్రరీలు: కాటా ఖాళీగా ఉన్నప్పుడే ఆగిపోయిన ప్రోగ్రాము

పాస్కల్ భాషకు ఉచితంగా దొరికే కంపైలర్ ఫ్రీ పాస్కల్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది దాని ఎక్స్‌టర్నల్ ప్రకటన. ఎవరో సీ భాషలో రాసి, విండోస్‌కు డీఎల్‌ఎల్‌గానో లైనక్స్‌కు ఎస్‌ఓ ఫైలుగానో (వీటినే షేర్డ్ లైబ్రరీలంటారు) ఇచ్చిన ఫంక్షన్‌ను మన ప్రోగ్రాములోకి తెచ్చుకోవడానికి దాని పేరు, పారామీటర్లు, పిలిచే పద్ధతి (పారామీటర్లను అందించే నియమం), లైబ్రరీ పేరు ఒక్క వాక్యంలో రాస్తే సరిపోతుంది. విండోస్‌లోనైతే ఇంపోర్ట్ లైబ్రరీ కూడా అక్కర్లేదు. గో భాషలో ఇదే పనికి మామూలుగా సీ కోడ్‌ను గోతో కలిపే సీగో దారిన వెళ్లాలి, అందుకు పక్కన ఒక సీ కంపైలర్ ఉండాలి. రస్ట్‌లో ప్రకటన తేలికే గాని, పిలిచే చోట అన్‌సేఫ్ అని గుర్తు పెట్టాలి. పాస్కల్‌లో ఆ ఫంక్షన్ మనం రాసుకున్నదే అన్నట్టు మన కోడ్‌లో కలిసిపోతుంది, ఆ కలిసిపోవడమే ఇన్నేళ్లుగా నన్ను ఈ భాషతో ఉంచింది.

నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటాను. జీడిపిక్కలు, చింతపండు కొనే షావుకార్లకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసిస్తాను. ఎలక్ట్రానిక్ కాటా మీద బస్తా పెట్టగానే తూకం నేరుగా బిల్లులోకి రావాలి, కొండ గ్రామాల నుంచి సరుకు తెచ్చినవారి చేతికి ఒడియాలోనూ తెలుగులోనూ చీటీ అందాలి. తూకాన్ని చదివే లైబ్రరీ కాటా తయారుచేసిన కంపెనీ ఇచ్చింది. దాని సోర్సు మాత్రం ఇవ్వలేదు. ప్రోగ్రాము నడుమలో ఆగిపోతే అమ్ముకోవడానికి వచ్చిన మనిషికి తూకం మీదే అనుమానం కలుగుతుంది గనుక ఈ విషయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

కొత్త వెర్షన్ లైబ్రరీ పెట్టిన తరువాత ఒక కొట్టులో ప్రోగ్రాము 207 అనే రన్‌టైమ్ ఎర్రర్‌తో పడిపోవడం మొదలైంది. చెల్లని దశాంశ గణన జరిగిందని దాని అర్థం. బస్తా కాటా మీద ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. కాటా ఖాళీగా ఉండి తూకం సరిగ్గా సున్నా చూపుతున్నప్పుడు మాత్రమే, అంటే ఎక్కువగా పొద్దున్నే కొట్టు తెరిచిన వేళ, పడిపోయేది. కంపెనీవారు తమ నమూనా ప్రోగ్రాము ఖాళీ కాటాతోనూ నిక్షేపంగా నడుస్తోందని చెప్పారు. అది సీలో రాసింది, అదీ నిజంగానే నడిచింది. నా ప్రకటనలను లైబ్రరీ ఫంక్షన్ల వివరాలుండే హెడర్ ఫైలుతో అక్షరం అక్షరం పోల్చి చూశాను, అన్నీ సరిపోయాయి.

డీబగ్గర్‌లో ఆగిన చోటును చూస్తే అది లైబ్రరీ లోపలి భాగహారం, రెండు రిజిస్టర్లలోనూ సున్నాలే ఉన్నాయి. తూకం నిలకడగా ఉందో లేదో తేల్చడానికి లైబ్రరీ రీడింగుల హెచ్చుతగ్గును వాటి సగటుతో భాగిస్తున్నట్టుంది. ఆ వెంటనే వచ్చిన ఫలితాన్ని దానితోనే పోల్చే సూచన ఒకటి కనిపించింది. సున్నాను సున్నాతో భాగిస్తే వచ్చే నాన్ (సంఖ్య కానిది) అనే విలువ తనతో తాను సమానం కాదు. కాబట్టి అది నాన్ అని గుర్తించి కాటా ఖాళీ అని చెప్పడం ఆ రచయిత ఉద్దేశం. సీ ప్రోగ్రాముల్లో ఇది చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ ప్రాసెసర్ దశాంశ గణనల ఎక్సెప్షన్లన్నీ మామూలుగా మూసి ఉంటాయి, అంటే తప్పు గణన జరిగినా ప్రోగ్రాము ఆగదు. ఫ్రీ పాస్కల్ రన్‌టైమ్ మాత్రం చెల్లని గణన, సున్నాతో భాగహారం, ఓవర్‌ఫ్లో అనే మూడింటినీ ప్రోగ్రాము మొదలవుతూనే తెరిచి ఉంచుతుంది. ఆ అమరిక ప్రాసెసర్‌లో ఉంటుంది గాని భాషలో ఉండదు, అందుకే లైబ్రరీలోకి అడుగుపెట్టినా అదే కొనసాగుతుంది. ఏ హెడర్ ఫైలులోనూ రాయని షరతు ఇది; ఎక్స్‌టర్నల్ వాక్యంలో దీన్ని చెప్పడానికి చోటే లేదు.

మందు చిన్నదే. మ్యాథ్ యూనిట్‌లోని సెట్‌ఎక్సెప్షన్‌మాస్క్‌తో పిలుపుకు ముందు ఎక్సెప్షన్లన్నీ మూసి, పిలుపు అయ్యాక ఫైనలీ భాగంలో పాత అమరికను తిరిగి పెట్టాలి. ప్రోగ్రాము మొదట్లో ఒక్కసారి మూసేసి ఊరుకోవచ్చని కొందరు అంటారు గాని నేను ఒప్పుకోను: ధరల లెక్కలో సున్నాతో భాగహారం జరిగితే నాకు వెంటనే తెలియాలి, బిల్లు మీద తప్పుడు మొత్తం అచ్చు కాకూడదు. ఈ అమరిక ఒక్కో థ్రెడ్‌కు (ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒక్కోదానికి) వేరుగా ఉంటుంది కాబట్టి కాటాను చదివే థ్రెడ్‌లోనే ఆ పని చేయాలి. ఇక తూకం మారినప్పుడల్లా లైబ్రరీ మన కాల్‌బ్యాక్‌ను, అంటే మనం రాసి ఇచ్చిన ఫంక్షన్‌ను, పిలిచే ఏర్పాటు ఉంటే, ఆ కాల్‌బ్యాక్ నడిచేది కూడా మూసిన అమరికలోనే. అందులో ధరను సున్నా తూకంతో భాగిస్తే చప్పుడు లేకుండా అనంతం వస్తుంది. అందుకని నా కాల్‌బ్యాక్‌లు తూకాన్ని ఒక చరరాశిలో రాసుకుని తిరిగి వచ్చేస్తాయి, లెక్కలన్నీ బయటే జరుగుతాయి.

మొదట మెచ్చుకున్న ఆ ఒక్క వాక్యాన్ని కూడా ఇప్పుడు అన్నిచోట్లా వాడటం లేదు. అలా ప్రకటించిన లైబ్రరీ కంప్యూటర్‌లో లేకపోతే ప్రోగ్రాము అసలు తెరుచుకోదు; కాటా లేకుండా బిల్లు మాత్రమే వేసే కొట్లలో ఇది కుదరదు. అక్కడ డైన్‌లిబ్స్ యూనిట్‌లోని లోడ్‌లైబ్రరీతో నడుస్తున్నప్పుడే తెరిచి, దొరకకపోతే తూకాన్ని చేత్తో కొట్టమని అడుగుతాను. పాత 32-బిట్ విండోస్ యంత్రాల్లో పిలిచే పద్ధతి సీడెకల్ కావాలో ఎస్‌టీడీకాల్ కావాలో తప్పనిసరిగా సరిచూడాలి. 64-బిట్ విండోస్‌లో ఆ తేడా లేదు గనుక అక్కడ మాత్రమే పరీక్షిస్తే పొరపాటు దాగిపోతుంది. సీ భాష లాంగ్ రకానికి సీటైప్స్ యూనిట్‌లోని సీలాంగ్ వాడటం మేలు, అది 64-బిట్ లైనక్స్‌లో 8 బైట్లు, విండోస్‌లో 4.

మన భాషలవారికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. ఈ లైబ్రరీలో కొట్టు పేరుకు 32 బైట్ల చోటు ఇచ్చారు, చివరి సున్నా బైటు పోగా 31. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు, ఒడియా లిపుల్లో గుణింతపు గుర్తులు, పొల్లుతో సహా ఒక్కొక్కదానికి 3 బైట్లు పడతాయి. పర్లాకిమిడి అన్న మాటే 33 బైట్లు! పేరును ముందే పూర్తి అక్షరం దగ్గర కత్తిరించి పంపే చిన్న ఫంక్షన్ రాసుకున్నాను. లేకపోతే చివరన విరిగిన బైట్లు మిగిలేవి.

2021లో వచ్చిన 3.2.2 కంపైలర్‌తోనే ఇప్పటికీ పని చేస్తున్నాను. ఒంటరిగా, చిన్న ప్రోగ్రాములు రాసేవాణ్ణి. నేను పిలిచే లైబ్రరీల్లో ఫంక్షన్లు కొద్దిపాటివే, వాటి ప్రకటనలు చేత్తో రాసుకోగలను. వందల ఫంక్షన్లున్న లైబ్రరీలతో పని ఉన్నవారికి, సీ ప్లస్ ప్లస్ క్లాసులను నేరుగా అందుకోవాల్సినవారికి ఇదే దారి అని చెప్పలేను. కాటాకో ప్రింటరుకో సీ లైబ్రరీ ఇచ్చి మిగతాది మీరే చూసుకోండి అనే కంపెనీలతో పని పడే నాలాంటివారు మాత్రం, మాస్క్ మార్చే ఆ నాలుగు వరుసలనూ మొదటి రోజే రాసుకుని, నిశ్చింతగా వాడవచ్చు.